బ్రిటన్ వీసాలో ‘నో పబ్లిక్ ఫండ్స్’: ఏవి ముట్టకూడదు, ఏవి అడిగి తీసుకోవాలి

బ్రిటన్‌లో స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, స్పౌజ్... ఏ తాత్కాలిక వీసా మీద ఉన్నా సరే, యూకేవీఐ అకౌంట్ (వీసా వివరాలు చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) తెరిస్తే పబ్లిక్ ఫండ్స్, అంటే కొన్ని రకాల ప్రభుత్వ సాయం, తీసుకోవడానికి వీల్లేదన్న షరతు దాదాపు అందరికీ కనిపిస్తుంది. మనవాళ్లలో ఆ షరతు చుట్టూ పేరుకున్న భయం అసలు చట్టం కంటే చాలా పెద్దది. “ఏదీ అప్లై చేయొద్దు, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) పోతుంది” అని వాట్సాప్ గ్రూపులో ఒకరు పెడితే చాలు, మిగతా అందరూ అదే నిజమనుకుంటారు. దాంతో నిండు గర్భిణి తనకు రావాల్సిన ప్రసూతి జీతం అడగదు. జ్వరంతో మంచమెక్కిన కుర్రాడు సిక్ పే వదిలేసి గోదాములో షిఫ్టుకు వెళ్తాడు. భర్త కొట్టినా భార్య “నాకు ఈ దేశంలో ఏ హక్కూ లేదుగా” అనుకుని ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

చట్టంలో ఉన్నది ఒక జాబితా. ఆ జాబితాలో ఉన్నవే నిషేధం. లేనివి మీవి, భయపడకుండా అడగొచ్చు. జాబితాలో ఉన్న వాటికి కూడా కొందరు తమ వీసా షరతు ఎత్తేయించుకుని అర్హత పొందొచ్చు. ఈ మూడు సంగతులూ తెలియకపోవడం వల్ల జరుగుతున్న నష్టంలో ఎక్కువ భాగం ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడుతోంది.

ముందు నిషేధం సంగతి. 1999 నాటి ఇమిగ్రేషన్ అండ్ అసైలమ్ చట్టంలోని 115వ సెక్షన్, ఇమిగ్రేషన్ రూల్స్‌లోని నిర్వచనం కలిసి ఈ జాబితాను తయారుచేస్తాయి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, పెన్షన్ క్రెడిట్, వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే పిప్, అటెండెన్స్ అలవెన్స్, కేరర్స్ అలవెన్స్, ఆదాయాన్ని బట్టి ఇచ్చే కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ (స్థానిక సంస్థకు కట్టే పన్నులో తగ్గింపు), కౌన్సిల్ ఇల్లు, ఇల్లు లేనివాళ్లకు కౌన్సిల్ చేసే హోమ్‌లెస్‌నెస్ సాయం ఇందులో ముఖ్యమైనవి. షరతు ఉండగా వీటిని తీసుకుంటే వీసా పొడిగింపు నిరాకరించవచ్చు, ఉన్న వీసా కుదించవచ్చు, నేరంగా కేసు కూడా పెట్టవచ్చు. కాబట్టి ఈ విషయంలో భయం ఉండాల్సిందే.

అయితే పేర్లు దగ్గరదగ్గరగా ఉండడంతో చాలామంది పొరబడతారు. కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ నిషేధం. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే వచ్చే 25 శాతం తగ్గింపు మాత్రం నిషేధం కాదు. ఫుల్‌టైమ్ విద్యార్థికి కౌన్సిల్ టాక్స్ మినహాయింపు కూడా అంతే. ఈ రెండింటినీ వదులుకుని ఏడాదికి వందల పౌండ్లు ఊరికే కడుతున్న ఇళ్లున్నాయి.

ఇక పని చేసి సంపాదించుకున్న హక్కులు. స్టాట్యుటరీ మెటర్నిటీ పే, సిక్ పే, మెటర్నిటీ అలవెన్స్, ఉద్యోగం పోతే వచ్చే న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్, జీవిత భాగస్వామి చనిపోతే వచ్చే బిరీవ్‌మెంట్ సపోర్ట్ పేమెంట్ ఏవీ పబ్లిక్ ఫండ్స్ కావు. ఇవి మీ ఉద్యోగం వల్లో, మీరు కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ (సంపాదన మీద కట్టే సామాజిక బీమా) వల్లో వచ్చేవి.

ప్రసూతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్రసవం జరగాల్సిన వారానికి ముందు 15వ వారం వచ్చేసరికి ఒకే యజమాని దగ్గర 26 వారాలు ఆగకుండా పనిచేసి ఉండాలి. సగటు జీతం వారానికి కనీస పరిమితి దాటాలి. 2025-26లో అది 125 పౌండ్లు. ఈ రెండూ ఉంటే మొదటి 6 వారాలు సగటు జీతంలో 90 శాతం, తర్వాత 33 వారాలు వారానికి 187.18 పౌండ్లు (2025-26 రేటు) లేదా జీతంలో 90 శాతం, ఏది తక్కువైతే అది యజమాని ఇవ్వాలి. మిడ్‌వైఫ్ ఇచ్చే మ్యాట్ బీ1 పత్రం యజమానికి అందించాలి. డబ్బు ఎప్పటి నుంచి కావాలో కనీసం 28 రోజుల ముందు చెప్పాలి.

ఏజెన్సీ ద్వారా పనిచేసేవాళ్లకు “మీది జీరో అవర్స్ కాంట్రాక్టు, మీకు వర్తించదు” అని చెప్పి పంపేస్తుంటారు. అది సరికాదు. కాంట్రాక్టు పేరు ఏదైనా లెక్క వారాలను, జీతాన్ని బట్టే ఉంటుంది. ఇవ్వబోమని అంటే ఎందుకు ఇవ్వరో ఎస్‌ఎమ్‌పీ1 ఫారంలో రాసిమ్మని అడగాలి. ఆ నిర్ణయం తప్పనిపిస్తే పన్నుల శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీలో ఇలాంటి తగాదాలు తేల్చే విభాగం ఉంది. నిజంగానే 26 వారాలు నిండకపోతే అదే ఫారం పట్టుకుని ఎమ్‌ఏ1 దరఖాస్తుతో మెటర్నిటీ అలవెన్స్ అడగొచ్చు. దీనికి షరతు చాలా తేలిక. ప్రసవానికి ముందు 66 వారాల్లో ఏవైనా 26 వారాలు పనిచేసి ఉండాలి, అందులో 13 వారాల్లో వారానికి 30 పౌండ్లు సంపాదించి ఉండాలి. యజమానులు మారినా, మధ్యలో ఖాళీ ఉన్నా, సొంతంగా డెలివరీ పని చేసుకున్నా పర్వాలేదు. 2025-26 రేటు ప్రకారం 39 వారాలపాటు వారానికి 187.18 పౌండ్ల దాకా వస్తుంది. మొత్తం కలిపితే 7,000 పౌండ్లు దాటే డబ్బు ఇది. డిపెండెంట్ వీసా మీద పార్ట్‌టైమ్ పని చేసుకున్న మనిషికి ఇంత మొత్తం రావాల్సి ఉందని ఆమెకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జాబ్‌సీకర్స్ అలవెన్స్ దగ్గర చిక్కు వేరు. 2025-26లో 25 ఏళ్లు దాటినవాళ్లకు వారానికి 92.05 పౌండ్లు, గరిష్ఠంగా 182 రోజులు. కానీ అది చూసేది నిన్నటిదాకా కట్టిన ఇన్సూరెన్స్‌ను కాదు. దరఖాస్తు చేసిన క్యాలెండర్ సంవత్సరం మొదలవకముందే పూర్తయిన రెండు పన్ను సంవత్సరాలను చూస్తుంది. 2025లో అడిగితే 2022-23, 2023-24 లెక్కలోకి వస్తాయి. అందుకే ఏడాదిన్నర క్రితం వచ్చి పూర్తి జీతం మీద ఇన్సూరెన్స్ కట్టిన మనిషికీ “అర్హత లేదు” అని జవాబు వస్తుంది. పైగా పనికి సిద్ధంగా ఉండాలన్న నిబంధన ఉంది. స్కిల్డ్ వర్కర్‌కు ఉద్యోగం పోతే వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్ మామూలుగా 60 రోజులకు వీసా కుదిస్తుంది, వేరే స్పాన్సర్ దొరికితే తప్ప పని చేయలేరు. అదే ఇంట్లో డిపెండెంట్‌కు ఏ పనైనా చేసుకునే అనుమతి ఉంటుంది కాబట్టి, నాలుగేళ్లుగా ఉద్యోగం చేసిన భార్యకో భర్తకో ఈ అలవెన్స్ నిజంగా అక్కరకొస్తుంది. దరఖాస్తు చేసేటప్పుడు ‘న్యూ స్టైల్’ అన్నది చూసుకుని మరీ నింపండి. పొరపాటున యూనివర్సల్ క్రెడిట్ ఫారం నింపితే అది నిషేధ జాబితాలోది.

వైద్యం, బడి విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) పబ్లిక్ ఫండ్స్ కాదు. పైగా హెల్త్ సర్‌చార్జి ముందే కట్టి వస్తాం. తక్కువ ఆదాయం ఉంటే హెచ్‌సీ1 ఫారం నింపండి. విద్యార్థులూ నింపొచ్చు. హెచ్‌సీ2 సర్టిఫికెట్ వస్తే ఇంగ్లండ్‌లో 9.90 పౌండ్ల మందుల చీటీ, పళ్ల వైద్యం, కంటి పరీక్ష అన్నీ ఉచితం. గర్భిణులకు, ప్రసవమయ్యాక 12 నెలల దాకా, మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ మీద మందులూ పళ్ల వైద్యమూ ఆదాయంతో పని లేకుండా ఉచితం. ఇంగ్లండ్ బడుల్లో రిసెప్షన్ నుంచి ఇయర్ 2 దాకా (మొదటి మూడు తరగతులు) మధ్యాహ్న భోజనం అందరు పిల్లలకూ ఉంటుంది. ఆపై తరగతుల్లో కూడా ఈ షరతు ఉన్న కుటుంబాల పిల్లలకు 2022లో శాశ్వతంగా తలుపు తెరిచారు. లండన్ బయట ఒక బిడ్డ ఉన్న ఇంటికి పన్ను పోను ఏడాదికి 22,700 పౌండ్లు, లండన్‌లో 31,200 అని అప్పుడు పరిమితి పెట్టారు. దీన్ని అడగాల్సింది బడినే. అయితే బడి ఆఫీసులో కంప్యూటర్ యూనివర్సల్ క్రెడిట్ నంబరు అడిగి “మీకు రాదు” అంటుంది. అప్పుడు ‘ఎన్‌ఆర్‌పీఎఫ్ కుటుంబాల’ (నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్, అంటే ఈ షరతు ఉన్న కుటుంబాల) ఫారం వేరే ఉంటుందని మనమే గుర్తుచేయాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు వారానికి 15 గంటల ఉచిత నర్సరీకి వీసాతో సంబంధం లేదు. 30 గంటలకు, టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్‌కు మాత్రం తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి షరతు లేకుండా ఉండాలి.

ఇప్పుడు అసలు షరతును ఎత్తేయించుకునే దారి. దీన్ని ‘చేంజ్ ఆఫ్ కండిషన్స్’ దరఖాస్తు అంటారు. ఆన్‌లైన్‌లో, ఫీజు లేకుండా. ఇది ప్రధానంగా బ్రిటిష్ లేదా సెటిల్డ్ (శాశ్వత నివాసం ఉన్న) వ్యక్తికి భాగస్వామిగానో, బిడ్డకు తల్లి/తండ్రిగానో, ప్రైవేట్ లైఫ్ (చాలా కాలంగా ఇక్కడే బతుకు స్థిరపడిందన్న ఆధారం) కిందనో వీసా ఉన్నవాళ్లకు, హాంకాంగ్ బీఎన్‌ఓ (బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్) వాళ్లకు. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వీసాలకు మామూలుగా దొరకదు. ఇక్కడ ఆశ పెట్టి డబ్బు గుంజే కన్సల్టెన్సీలను నమ్మొద్దు.

చూపించాల్సింది మూడింటిలో ఒకటి: తిండికి, నీడకు గతి లేని స్థితి లేదా అతి త్వరలో అలా అయ్యే ప్రమాదం, తక్కువ ఆదాయం వల్ల బిడ్డ క్షేమం దెబ్బతినడం, ఆదాయం, ఖర్చులకు సంబంధించిన అసాధారణ పరిస్థితి. ‘అతి త్వరలో అయ్యే ప్రమాదం’ అన్న మాట ఊరికే రాలేదు. 2020 మేలో హైకోర్టు ఒక 8 ఏళ్ల బ్రిటిష్ బాబు కేసులో తీర్పిచ్చింది. మనిషి పూర్తిగా రోడ్డున పడేదాకా ఆగడం అమానవీయ ప్రవర్తనను నిషేధించే హక్కుకు విరుద్ధమని, పడబోతున్నారని తెలిసినప్పుడే షరతు ఎత్తేయాలని చెప్పింది. మరుసటి ఏడాది ఇంకో తీర్పులో పిల్లల క్షేమాన్ని ఈ విధానం సరిగ్గా పట్టించుకోలేదని కూడా అంది. అంటే అద్దె బాకీ పడి ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు చేతికొచ్చిన రోజే దరఖాస్తు పెట్టొచ్చు. సామాన్లు వీధిలో పడేదాకా ఆగనక్కర్లేదు.

దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గర. ఆరు నెలలవి కావాలి, ఉన్న ప్రతి ఖాతావీ. మోంజో, రెవల్యూట్ లాంటి ఆప్ ఖాతాల్లో పది పౌండ్లే ఉన్నాయని వదిలేస్తే, ఒక బదిలీలో ఆ పేరు కనిపించగానే ఏదో దాచారని అనుమానిస్తారు. మనవాళ్ల ఖాతాల్లో మరో మూడు చిక్కులుంటాయి. స్నేహితులు చేబదులిచ్చిన డబ్బు ఆదాయంలా కనిపిస్తుంది. ఎవరు, ఎంత, ఎప్పుడు ఇచ్చారో, అది అప్పని, ఇక ముందు ఇవ్వలేమని వాళ్లు సంతకం చేసిన ఉత్తరం జతచేయాలి. చిట్టీ డబ్బులు నెలనెలా వెళ్లడం, పాడుకున్నాక ఒకేసారి రావడం చూసి పొదుపు ఉందనుకుంటారు. చిట్టీ అంటే ఏమిటో, పాడిన డబ్బు దేనికి ఖర్చయిందో నాలుగు వాక్యాల్లో రాసి పెట్టాలి. ఇండియాకు పంపిన డబ్బు సంగతి అన్నిటికంటే కష్టం. తినడానికి లేదంటూనే 300 పౌండ్లు ఎలా పంపారని అడుగుతారు. చదువు అప్పు ఈఎమ్ఐ అయితే బ్యాంకు కాగితం, తల్లిదండ్రుల మందులైతే ఆస్పత్రి చీటీ పెట్టాలి. ఏ కారణమూ చెప్పకపోతే దరఖాస్తు పోయినట్టే.

ఊళ్లో ఉన్న ఆస్తి కూడా చెప్పాలి. దాయకూడదు. ఉమ్మడి ఆస్తిలో పంచుకోని వాటా, బ్యాంకులో తాకట్టున్న ప్లాటు, అత్తింట్లో ఉండిపోయిన నగలు... ఇవి ఎందుకు ఇప్పటికిప్పుడు డబ్బు కావో రాయాలి. షరతు తొలగిన తర్వాత కూడా ఈ ప్రశ్న వదలదు. యూనివర్సల్ క్రెడిట్‌కు 16,000 పౌండ్లకు మించి పొదుపు, ఆస్తి ఉండకూడదు. మీరుండే ఇల్లు కాని ఆస్తి, ఇండియాలో ఉన్నా, అందులోకి వస్తుంది.

ఒక నష్టం ముందే తెలుసుకోవాలి. శాశ్వత నివాసానికి అయిదేళ్ల భాగస్వామి మార్గంలో ఉన్నవాళ్లకు పొడిగింపు సమయంలో ఆదాయ షరతు ఉంటుంది. 2024 ఏప్రిల్ 11 తర్వాత ఆ మార్గంలోకి కొత్తగా వచ్చినవాళ్లకు అది ఏడాదికి 29,000 పౌండ్లు. అది చూపలేకపోతే పదేళ్ల మార్గంలోకి మారాల్సి రావచ్చు. అంతమాత్రాన పస్తులుండి అయిదేళ్ల మార్గాన్ని కాపాడుకోవాలనడం నేను ఒప్పుకోను. పిల్లలున్న ఇంట్లో అసలు ఒప్పుకోను.

ఇంగ్లండ్‌లో పిల్లలున్న ఎవరికైనా, ఏ వీసా అయినా, చివరి ఆసరా ఒకటుంది. 1989 చిల్డ్రన్ చట్టం 17వ సెక్షన్. అవసరంలో ఉన్న బిడ్డ క్షేమాన్ని కాపాడే బాధ్యత స్థానిక కౌన్సిల్‌ది. దాని కింద కుటుంబానికి గది, తిండి ఖర్చు ఇవ్వొచ్చు. ఇది పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేదు. వెళ్లాల్సింది హౌసింగ్ కౌంటర్‌కు కాదు, పిల్లల సోషల్ సర్వీసెస్‌కు. ‘చైల్డ్ ఇన్ నీడ్ అసెస్‌మెంట్’ కావాలని ఆ పేరుతోనే అడగాలి, ఈమెయిల్ కూడా పెట్టాలి. ఏం చేయబోతున్నారో ఒక పనిదినంలో తేల్చాలి, పూర్తి అంచనాకు గరిష్ఠంగా 45 పనిదినాలు, ఈ రాత్రికే నీడ లేకపోతే అంచనా నడుస్తుండగానే సాయం చేయొచ్చు.

కౌంటర్ దగ్గర వచ్చే జవాబులు రెండు. “మీకు నో రికోర్స్ ఉంది, మేమేం చేయలేం” అన్నది మొదటిది. అది తప్పు. కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. రెండోది మరీ క్రూరమైనది: “బిడ్డను మేం తీసుకుంటాం, మీకు మాత్రం ఇవ్వలేం.” ఈ మాట విని తల్లులు భయపడి మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కరు. అదే సెక్షన్‌లో బిడ్డలు తమ కుటుంబంతోనే పెరిగేలా చూడాలని కూడా ఉంది. డబ్బు లేకపోవడం ఒక్కటే బిడ్డను వేరుచేయడానికి కారణం కాదు. అప్పుడు లీగల్ ఎయిడ్ ఉన్న కమ్యూనిటీ కేర్ లాయర్ ఒక ఉత్తరం రాస్తే చాలా కౌన్సిళ్లు దారికొస్తాయి. వీసా గడువు దాటిపోయినవాళ్లకు ఇది మరింత కష్టం, కౌన్సిల్ హోమ్ ఆఫీస్‌కు తెలియజేయాలి కూడా. అందుకే గడువు ఉండగానే పొడిగింపు దరఖాస్తు పడాలి.

గృహహింస. ఇక్కడ తప్పుడు సమాచారం ప్రాణాల మీదకు తెస్తుంది. బ్రిటిష్ లేదా సెటిల్డ్ భర్తతో స్పౌజ్ వీసా మీద ఉన్న మహిళ, హింస వల్ల ఆ బంధం తెగితే, మూడు నెలల ప్రత్యేక అనుమతి అడగొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి దీన్ని మైగ్రంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూజ్ కన్సెషన్ అంటున్నారు. ఫీజు లేదు. ఈ మూడు నెలలు యూనివర్సల్ క్రెడిట్ వస్తుంది, దాంతో షెల్టర్‌లో గదికి అద్దె దొరుకుతుంది. ఆలోపే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాలి. డబ్బు లేకపోతే ఆ ఫీజు మాఫీ అడగొచ్చు. హింసంటే దెబ్బలే కానక్కర్లేదు. 2021 చట్టం ప్రకారం జీతం లాక్కోవడం, పాస్‌పోర్టు దాచడం, ఇంట్లోంచి కదలనీయకపోవడం కూడా హింసే.

స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ల భార్యలకు (భర్తలకు కూడా) ఇప్పుడు ఈ కన్సెషన్ వర్తిస్తుంది. కానీ ఇందులో పెద్ద గొయ్యి ఉంది. అది రాగానే పాత డిపెండెంట్ వీసా రద్దవుతుంది. మూడు నెలలయ్యాక వీళ్లకు శాశ్వత నివాసం అడిగే దారి లేదు. ఈలోగా సొంతంగా స్కిల్డ్ వర్కర్ వీసానో, మరొకటో చూసుకోవాలి, లేదంటే దేశం విడిచిపోవాలి. కాబట్టి ఫారం పంపే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. సగం హక్కు ఇచ్చి మిగతా సగం దగ్గర తలుపు మూసేసిన ఈ విధానాన్ని ప్రభుత్వం మార్చాలి. భర్త వీసా ఏ రంగుదన్నదాన్ని బట్టి భార్యకు దొరికే రక్షణ మారడంలో న్యాయం లేదు.

“నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా” అన్న బెదిరింపు అందరూ వినేదే. భర్త వీసా రద్దు చేయలేడు. విడిపోయామని తెలియజేయగలడు, నిర్ణయం హోమ్ ఆఫీస్‌ది. ఈవీసాలు వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. చాలా ఇళ్లలో భార్య యూకేవీఐ అకౌంట్ భర్త ఈమెయిల్, ఫోన్ నంబర్లతో తెరిచి ఉంటుంది. తన వీసా తనే చూసుకోలేని స్థితి అది. గొడవలున్నా లేకున్నా ప్రతి డిపెండెంటూ తన అకౌంట్‌ను తన ఈమెయిల్‌కు, తన నంబరుకు మార్చుకోవాలి. ఆడపిల్లను లండన్ పంపుతున్న తల్లిదండ్రులు విమానం ఎక్కించకముందే ఇది చూడాలి.

చూసొద్దామని హైదరాబాదుకో విజయవాడకో తీసుకొచ్చి, పాస్‌పోర్టు లాక్కుని పుట్టింట్లో వదిలేసి వెళ్లే భర్తల గురించి మన దగ్గర అందరికీ తెలుసు. స్పౌజ్ వీసా మీద ఉండి, బ్రిటిష్ లేదా సెటిల్డ్ భర్త అలా వదిలేసిన మహిళ 2024 జనవరి 31 నుంచి ఇండియా నుంచే తిరిగి వెళ్లడానికి దరఖాస్తు చేయొచ్చు. టికెట్లు, సందేశాలు, ఇండియాలో ఇచ్చిన పోలీసు ఫిర్యాదు నకలు జాగ్రత్త చేయాలి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు 24 గంటల ఉచిత హెల్ప్‌లైన్ 0808 2000 247. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ సంస్థ 1979 నుంచి దక్షిణాసియా మహిళల కోసం ఇదే పని చేస్తోంది.

పన్ను కట్టేవాళ్ల సొమ్ము కాపాడటానికే ఈ షరతని ప్రభుత్వం అంటుంది. పన్ను కట్టేవాళ్లలో వీళ్లూ ఉన్నారు. స్కిల్డ్ వర్కర్, భార్య, ఇద్దరు పిల్లలు అయిదేళ్ల వీసాకు కట్టే హెల్త్ సర్‌చార్జి చూడండి. పెద్దలకు ఏడాదికి 1,035, పిల్లలకు 776. మొత్తం 18,110 పౌండ్లు, అదీ ముందే. దీనిపై ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అందరిలాగే. ఇంత కట్టించుకున్నాక కష్టకాలంలో ఆ ఇంటిని కౌన్సిల్ గడప మీదకు నెట్టడం వల్ల ఖర్చు తగ్గదు, జేబు మారుతుందంతే. 2025 నవంబర్‌లో ప్రభుత్వం శాశ్వత నివాసానికి మామూలు గడువు 5 నుంచి 10 ఏళ్లకు పెంచాలని, పబ్లిక్ ఫండ్స్ తీసుకున్నవాళ్లకు మరో 5 లేదా 10 ఏళ్లు కలపాలని ప్రతిపాదించింది. అంటే పదేళ్లు, ఇరవయ్యేళ్లు మనుషులు ఏ ఆసరా లేకుండా బతకాలి. అంతకాలం ఉంటే ‘తాత్కాలికం’ ఎలా అవుతుంది? ఈ ప్రతిపాదనల సంగతి తెలిసిన లాయర్‌తో మాట్లాడాకే చేంజ్ ఆఫ్ కండిషన్స్ దరఖాస్తు పెట్టడం ఇప్పుడు మంచిది.

మరో రెండు విషయాలు. భర్త బ్రిటిష్ లేదా ఐఎల్‌ఆర్, భార్య స్పౌజ్ వీసా అయితే చైల్డ్ బెనిఫిట్ భర్త పేరున అడగొచ్చు, తప్పు లేదు. యూనివర్సల్ క్రెడిట్ కూడా ఆయన ఒక్కడి రేటుతో వస్తుంది, లెక్కలో మాత్రం ఇద్దరి ఆదాయం, పొదుపు చూస్తారు. భార్య వీసా సంగతి ఫారంలో దాచకుండా రాస్తే ఆమె వల్ల అదనంగా రాకుండా వాళ్లే చూసుకుంటారు.

ఇద్దరికీ షరతు ఉండగా, బిడ్డ పుట్టినప్పుడు ఎవరో చెప్పారని చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు పెట్టినవాళ్లూ ఉన్నారు. హెచ్‌ఎమ్‌ఆర్‌సీ డబ్బు వేసిందంటే అర్హత ఉన్నట్టు కాదు, ఏళ్ల తర్వాత ఐఎల్‌ఆర్ సమయంలో బయటపడుతుంది. అలా తీసుకుంటుంటే వెంటనే ఆపించి, జరిగింది రాసి, తిరిగి కట్టే ఏర్పాటు అడిగి, ఆ ఉత్తరాలన్నీ దాచుకోండి. వీసా ఫారంలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు నిజమే రాయండి. దాచడం వల్ల వచ్చే నిరాకరణ తీసుకోవడం వల్ల వచ్చే దానికంటే బరువైనది. ఆ ఫారం నింపే ముందు సలహా ఎవరి దగ్గర తీసుకున్నా, సొలిసిటరా లేక ఇమిగ్రేషన్ అడ్వైజ్ అథారిటీలో నమోదైన వ్యక్తా అని, వాళ్లను నమోదు చేసే సంస్థ వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూసుకోండి. 2025 జనవరి దాకా ఈ అథారిటీ పేరు ఓఐఎస్‌సీ. నమోదు లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం బ్రిటన్‌లో నేరం.